అక్కయ్యగారి చేతికి సరిపడే ఫిల్టరు

పగలు పన్నెండూ పదికి కరెంటు పోయింది. ఆ రోజుల్లో బెజవాడలో అది వార్త కాదు. ఫ్యానులు ఆగాయి, వీధి చివర పిండిమర ఆగింది, వీరభద్రయ్య గారి మేడ మీద హాల్లో సముద్రం ఆగింది.

సముద్రమంటే ఆరడుగుల గాజు తొట్టి. అందులో ఉప్పునీళ్ళు, పగడపు రాళ్ళు, కొన్ని చేపలు. కరెంటు ఉన్నంతసేపూ రెండు గొట్టాల్లోంచి గలగలా బుడగలు వచ్చేవి. వీరభద్రయ్య గారు వన్ టౌన్‌లో ఇనుప సామాను హోల్‌సేల్ వ్యాపారి. కింద కొట్టు, పైన ఇల్లు. ఆ గలగల ఆగిపోతే కింద గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆయనకు వెంటనే తెలిసేది. మెట్లెక్కి వచ్చి, తొట్టి ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"ఏవయ్యా, మన సముద్రం మళ్ళీ పడుకుందే?"

"కరెంటు పోయిందండీ."

"అసలు సముద్రానికి ఎవడిచ్చాడయ్యా కరెంటు? అది నడవట్లా?"

ఇంత మంచి ప్రశ్న నా ఉద్యోగకాలంలో ఇంకెవరూ అడగలేదు. దానికి అప్పుడు నా దగ్గర సమాధానం లేదు. ఆయన కూడా సమాధానం కోసం ఆగలేదు. భోజనం చేసి కొట్లోకి దిగిపోయారు.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న కుర్రవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఇళ్ళల్లో పగడాల తొట్టి పెట్టేటప్పుడు ఏ ఫిల్టరు మంచిదని అడుగుతారు. నీళ్ళ కొలతలు చెబుతారు, చేపల పేర్లు చెబుతారు. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగితే మాత్రం వాళ్ళ దగ్గర జవాబుండదు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

నా పని

నేను జువాలజీలో డిగ్రీ చదివాను. ఈ చదువుకు మంచి ఉద్యోగం వస్తుందని మా లెక్చరర్లు చెప్పారు. ఏ ఉద్యోగమో చెప్పలేదు. చివరికి చక్రపాణి గారి షాపులో చేరాను. ఆయన మొదట గోడ గడియారాలు అమ్మేవారు. ఒకసారి మద్రాసు నుంచి వస్తూ గాజు జాడీలో రెండు ఎర్రచేపలు తెచ్చి గడియారాల మధ్య పెట్టారట. జనం గడియారాలు చూడడం మానేసి చేపల్ని చూశారు. అప్పటినుంచి అది చేపల షాపు. గోడల మీద మిగిలిపోయిన గడియారాలు మాత్రం ఒక్కొక్కటీ ఒక్కో టైము చూపిస్తూ ఉండేవి.

నన్ను ఆయన కస్టమర్లకు "మా డాక్టరు" అని పరిచయం చేసేవారు. ఆ డాక్టరు చేసే పని ఇళ్ళకు వెళ్ళి తొట్టెలు కడగడం.

చేపలంటే ఇష్టంతో తొట్టి కొన్నవాళ్ళు మా కస్టమర్లలో తక్కువ. ఎదురింట్లో ఉందని కొన్నవాళ్ళే ఎక్కువ. ఒక వకీలు గారు క్లయింట్లు కూర్చునే వరండాలో పెట్టించారు. ఆయన ఆలస్యం చేసేకొద్దీ వాళ్ళు విసుగెత్తి చేపలకు మరమరాలు వేసేవారు. నీళ్ళ రంగు చూసి ఆయన ప్రాక్టీసు ఎలా సాగుతోందో చెప్పగలిగేవాణ్ణి. ఒక పిల్లల డాక్టరు గారు చేప ఒంటి మీద తెల్లమచ్చలు చూసి ఒక సూదిమందు సీసా మొత్తం తొట్టిలో పోశారు. మచ్చలు పోయాయి. ఫిల్టరులో ఉండి మురికిని తినే సూక్ష్మజీవులు కూడా పోయాయి. నీళ్ళు విషమై, మచ్చలు లేని చేప చచ్చిపోయింది. "మందు బాగానే పనిచేసిందోయ్, పేషెంటే సహకరించలేదు" అన్నారాయన.

ఫిల్టర్ల గురించి చక్రపాణి గారికి ఒకటే సిద్ధాంతం. "ఫిల్టరంటే బుడగ. బుడగ కనపడిందా, కస్టమరు హాయిగా నిద్రపోతాడు. చేప సంగతి చేప చూసుకుంటుంది."

ఆయన్ని వెక్కిరించడం తేలిక. కానీ ఆ మాటలో సగం నిజముంది. కస్టమరు ఫిల్టరుతో కాపురం చేస్తాడు. మనం వారానికోసారి వచ్చిపోయేవాళ్ళం. మిగతా సగం నేర్చుకోవడానికి నాకు వీరభద్రయ్య గారి తొట్టి కావాల్సొచ్చింది.

పుణ్యజలం

వీరభద్రయ్య గారు బొంబాయి వెళ్ళి అక్కడ ఎవరో సేటు గారింట్లో సముద్రపు చేపల తొట్టి చూసి వచ్చారు. వన్ టౌన్‌లో మంచినీటి తొట్టెలు అప్పటికే చాలా ఉన్నాయి. ఆయనకు సముద్రం కావాలి.

మొదటి తగువు ఇనుము దగ్గర వచ్చింది. తొట్టికి ఇనుప యాంగిళ్ళ చట్రం తానే ఇస్తానన్నారు. ఉప్పునీళ్ళకు ఇనుము పనికిరాదని, మద్రాసు నుంచి సీమ జిగురు తెప్పించి అద్దాన్ని అద్దానికే అతికిస్తామని చెప్పాను. ఆయన ముఖం చూస్తే పెళ్ళిపందిట్లో ఆడపిల్ల తండ్రిని పక్కకు జరగమన్నట్టుంది. "జిగురు మీద నిలబడే సముద్రం" అని గొణుక్కుని ఊరుకున్నారు.

రెండోది నీళ్ళు. సముద్రం నీళ్ళు డ్రమ్ముల్లో లారీ మీద తేవాలి. బందరు దగ్గర, ఏటి నీళ్ళు కలవని చోట పట్టుకురావాలని నేను రాసిచ్చాను. వీరభద్రయ్య గారు ఆ కాగితం చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. లారీని హంసలదీవి పంపారు. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు అది.

"ఎట్లాగూ లారీ పోతోంది కదయ్యా. ఆ పట్టేదేదో పుణ్యమున్న చోటే పడితే పోలా?"

అవి పైనుంచి వరద వదిలిన రోజులు. డ్రమ్ములు వచ్చాక ఉప్పు కొలిచే హైడ్రోమీటరు ముంచితే అది అడుగుకు దిగిపోయింది. నాలుక మీద వేసుకుని చూశాను. పలచటి మజ్జిగలో అంతకంటే ఎక్కువ ఉప్పుంటుంది. విషయం చెప్పాను.

"ఉప్పేగా తక్కువ?" అన్నారు వీరభద్రయ్య గారు. "మనింట్లో లేదా ఉప్పు? అక్కయ్యా, ఆ రాళ్ళుప్పు జాడీ ఇట్లా తెప్పించు."

చక్రపాణి గారు నా వెనక నిలబడి, ఒప్పుకోమని నా చొక్కా లాగారు. సముద్రంలో ఉప్పొక్కటే ఉండదనీ, వంటింటి ఉప్పు వేస్తే అది చేపల పులుసు అవుతుందనీ నేనన్నాను. శాకాహారుల ఇంట్లో అనాల్సిన మాట కాదది. అయినా పనిచేసింది. లారీ మళ్ళీ వెళ్ళింది, ఈసారి బందరు వైపే.

మొదటి డ్రమ్ములు పారబోయలేదు. వీధి వీధంతా చెంబులూ సీసాలూ పట్టుకుని వచ్చి సాగరసంగమం నీళ్ళు పట్టుకుపోయారు. పంచిపెట్టింది వీరభద్రయ్య గారి అక్కయ్య సుభద్రమ్మ గారు.

ఆవిడ గురించి ఇక్కడే చెప్పాలి. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేశారు. వీరభద్రయ్య గారి భార్య కూడా పోయాక ఇల్లంతా ఆవిడ చేతి మీదే నడిచేది. కొట్లో గుమాస్తాల దగ్గర్నుంచి లారీ డ్రైవర్ల దాకా ఆ ఇంట్లో ఆవిడ వడ్డించకుండా ఎవరూ తిని ఎరగరు. అందరి తర్వాత ఆవిడ ఒక్కపూట తినేవారు. శుభకార్యాలప్పుడు వంటింట్లోంచి బయటికి వచ్చేవారు కాదు. రమ్మని ఎవరూ పిలిచేవారు కూడా కాదు. హాల్లో ఆవిడ కూర్చోవడం నేను చూసింది తొట్టి వచ్చాకే. మగవాళ్ళు భోంచేసి కొట్లోకి దిగాక, తొట్టి ముందు పీట వేసుకుని కూర్చునేవారు.

మూడు ఫిల్టర్లు

ఆ కాలంలో మాకు తెలిసిన పద్ధతులు మూడు.

మొదటిది మూల డబ్బా. ప్లాస్టిక్ డబ్బాలో గాజుదూది, బొగ్గు ముక్కలు. గాలితో నీళ్ళు అందులోంచి పోతాయి, మురికి దూదిలో చిక్కుతుంది. ఎర్రచేపలకు చాలు. సముద్రానికి చాలదు.

రెండోది గవ్వల కింద పలక. చిల్లుల పలక అడుగున పరిచి, దాని మీద ముతక గవ్వల ముక్కలు మందంగా పోస్తారు. మూలల్లో నిలబెట్టిన గొట్టాల్లో గాలి పలక కింది నీళ్ళను తనతో పైకి లాగుతుంటే, పై నీళ్ళు గవ్వల్లోంచి కిందికి దిగుతాయి. మురికి కూడా కిందికే పోతుంది. గవ్వల మీద పెరిగే సూక్ష్మజీవులు దాన్ని తింటాయి. చూడ్డానికి తొట్టి అద్దంలా ఉంటుంది. ఇబ్బందులు రెండు. ఆ సూక్ష్మజీవులు పెరగడానికి వారాలు పడుతుంది. కరెంటు పోతే గాలి ఆడక అవే చచ్చి కుళ్ళుతాయి.

మూడోది దాదాపు ఏమీ చేయకపోవడం. సముద్రంలోంచి తీసిన రాళ్ళను వాటి మీదున్న నాచుతో, పురుగులతో సహా తెచ్చి పెట్టడం. కొద్దిగా గాలి, అతి కొద్ది చేపలు. రాళ్ళే ఫిల్టరు. నాకు ఇదే ఇష్టం. ఆ మాటే చెప్పాను.

"రాళ్ళా?" అన్నారు వీరభద్రయ్య గారు. "ఇంతకీ మోటారు హార్స్ పవరెంత?"

"మోటారు ఉండదండీ. చిన్న ఎయిర్ పంపు."

ఆయన చక్రపాణి గారి వైపు తిరిగారు. "మీ డాక్టరు ఏందండీ, వైద్యం వద్దు పథ్యం చాలంటున్నాడు?"

"కుర్రాడండీ" అన్నారు చక్రపాణి గారు. "మనం పలక ఫిల్టరు పెడుతున్నాం. రెండు వైపులా రెండు గొట్టాలు, మీరు కింద కూర్చున్నా బుడగ వినపడుద్ది."

అలా నిర్ణయమైంది. కొన్నవాడికి పవరు కావాలి, అమ్మినవాడికి బుడగ కావాలి. నీళ్ళకు ఏం కావాలో అడిగినవాడు కుర్రాడు.

ఇక చేపలు వెంటనే వేసేయాలన్నారు. పలక పండడానికి, అంటే గవ్వల మీద సూక్ష్మజీవులు పెరగడానికి, కనీసం నెల ఆగాలని నేను. ఎన్ని విధాల చెప్పినా ఆయన చెవికెక్కలేదు. నన్ను సైన్సు కాపాడలేదు, పంచాంగం కాపాడింది. ఆ వారమే మూఢం ప్రవేశించింది. మూఢంలో కొత్తవాళ్ళను ఇంట్లోకి ఎలా తెస్తావని సుభద్రమ్మ గారు తమ్ముణ్ణి నిలేశారు. మూఢం వెళ్ళేదాకా ఖాళీ తొట్టిలో బుడగలు వస్తూనే ఉన్నాయి. సూక్ష్మజీవులు నిశ్చింతగా పెరిగాయి. తర్వాత తొట్టి పెట్టిన ప్రతి ఇంట్లోనూ మూఢం ఎప్పుడొస్తుందో ముందుగా కనుక్కునేవాణ్ణి.

రొయ్యపొడి

మంచిరోజు చూసి చేపలు దిగాయి. రామేశ్వరం వైపు నుంచి క్యాన్లలో రైలు మీద వచ్చాయి. కొన్ని నీలంరంగు చేపలు; పువ్వులా కనపడే జంతువు, సముద్రపు పువ్వు ఒకటి; దాని చేతుల్లాంటి రేకుల మధ్య కాపురముండే నారింజ రంగు జంట ఒకటి. వాటి ఒంటి మీద తెల్ల పట్టీలుంటాయి. ఆ పువ్వు వేరే చేపల్ని కుట్టి చంపుతుంది, ఈ జంటను ఏమీ అనదు. ఈ సంగతి చెబితే సుభద్రమ్మ గారు పీట కొంచెం దగ్గరికి జరుపుకున్నారు.

"ఏం తింటయ్యి నాయనా ఇవి?"

"ఎండురొయ్యల పొడి అండీ."

ఆ ఇంట్లో ఉల్లిపాయ కూడా ఆలోచించి తరిగేవారు. ఆవిడ పీట వెనక్కి జరిపారు.

"మనింట్లోనా!"

"అవి తింటే మనకేందక్కయ్యా?" అన్నారు వీరభద్రయ్య గారు. "మనం తినట్లేదుగా."

ఆవిడ ఇంకేమీ మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడడం మానేశారంటే ఏదో పని మొదలుపెట్టారని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. నాకు తెలియదు. రొయ్యపొడి డబ్బా మెట్ల దగ్గర పిట్టగోడ మీద ఉంచాలని ఒప్పందం. రోజూ పొద్దున నేనే వచ్చి చిటికెడు వేసి, చేతులు కడుక్కుని వెళ్ళేవాణ్ణి.

కొన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత చేపలు నా పొడి ముట్టడం తగ్గించాయి. నీళ్ళ మీద నూనె తెట్టులాంటిది కనపడేది. కలిపితే చెదిరి, మళ్ళీ కూడుకునేది. గవ్వల్లోంచి కోడిగుడ్డు కుళ్ళిన వాసన మొదలైంది. నీలం చేప ఒకటి పోయింది. తర్వాత ఇంకొకటి.

ఎవరి వైద్యం వాళ్ళు చేశారు. దిష్టి అని ఎవరో నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు తొట్టి మూలకు వేలాడదీశారు. అవి ఒకసారి తెగి నీళ్ళలో పడ్డాయి. చక్రపాణి గారు ఇంకా పెద్ద పంపు అమ్మారు. వీరభద్రయ్య గారికి మాత్రం అనుమానం మనుషుల మీద.

"ఎవరో చెయ్యి పెడతన్నారయ్యా ఇందులో. ఎవరో తెలిసిందా, ఎవరైనా సరే, మళ్ళీ ఈ హాలు గడప తొక్కనివ్వను."

ఆయన అన్నంత పనీ చేసే మనిషి. సొంత తమ్ముడితో ఏళ్ళ తరబడి మాటల్లేవు. కారణం ఒక పాత కాటా.

ఆ మధ్యాహ్నం

మామూలుగా నేను వెళ్ళేది పొద్దున. మూడో చేప కూడా పోవడంతో ఒక రోజు మధ్యాహ్నం వెళ్ళాను. మొదట్లో చెప్పిన పన్నెండూ పది అప్పుడే. ఆయన భోంచేసి కిందికి దిగాక, నీళ్ళకు గాలి తగలాలని చెంబుతో ముంచి ఎత్తి పోస్తూ తొట్టి పక్కన, తలుపు చాటున నిలబడ్డాను.

సుభద్రమ్మ గారు వచ్చారు. చేతిలో చిన్న వెండి గిన్నె. పీట వేసుకుని కూర్చుని, గిన్నెలోంచి మెత్తగా కలిపిన ముద్ద వేళ్ళతో విడదీసి నీళ్ళలో వేయసాగారు.

"రండమ్మా, రండి. ముందు ఇది తినండి. కడుపు నిండితే ఆ పాడు రొయ్యలు మీరే ముట్టరు."

పప్పన్నం. పైన నెయ్యి.

నన్ను చూసి ఆవిడ ఉలిక్కిపడలేదు. చెయ్యి ఆపారంతే.

"నెయ్యి కూడా వేస్తారాండీ?" అన్నాను.

"నెయ్యి లేకుండా ఎట్లా పెడతాను నాయనా? వాటికి పెట్టకుండా నేనెట్లా తింటాను?" తొట్టిలోకి వంగి చూశారు. "రోజూ ఎంత పెట్టినా ఇట్టే తినేస్తయ్యి. మెతుకు మిగలదు. ఇవ్వాళేందో, చూడు, ఎక్కడివక్కడే పడున్నయ్యి."

నేనూ చూశాను. మెతుకులు గవ్వల మీద తెల్లగా పడి ఉన్నాయి. చేపలు రెండు మెతుకులు నోట కరిచి వదిలేశాయి. రోజూ జరిగేది కూడా అదే. కరెంటు ఉన్నప్పుడు మిగతాదంతా రాళ్ళ చాటుకు కొట్టుకుపోయి గవ్వల సందుల్లోకి దిగిపోయేది. పలక ఫిల్టరు గొప్పతనమే అది, కంటికి ఏదీ కనపడనివ్వదు. అలా కనపడకుండా ఇన్నాళ్ళూ ఒక పెద్దావిడను మోసం చేసింది. ఆవిడేమో ఆకలి తీరలేదేమోనని ఇంకాస్త పెడుతూ వచ్చారు.

"నేను పెట్టింది వాటికి పడట్లేదా నాయనా?"

అవునంటే ఆవిడ ఆ రోజే పీట తీసేస్తారు. లేదా తమ్ముడు తీయిస్తారు. కాదంటే జంట చేపలు కూడా పోతాయి.

"కరెంటు లేదు కదండీ" అన్నాను. "గాలి ఆడకపోతే వాటికీ ఆకలి ఉండదు."

ఆవిడ తల ఊపి, మిగిలిన ముద్ద వేయకుండా గిన్నె మూత పెట్టారు. "పాపం" అన్నారు.

మాది గుణదల. అప్పటికి పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. ఆ రోజు భోజనం దగ్గర మా ఆవిడ సుశీలకు ఈ సంగతి చెప్పాను. పెట్టడం మానమని సుభద్రమ్మ గారికి నచ్చజెప్పే మార్గం ఆలోచిస్తున్నానన్నాను. నేను చెబుతూ ఉండగానే సుశీల నా కంచంలో మారు వంకాయకూర వేసింది.

"వద్దన్నానుగా."

"పెళ్ళయినప్పట్నుంచీ వద్దంటూనే ఉన్నారు. నేను మానానా? ఆవిడా మానదు. మీ ఫిల్టరు మార్చుకోండి."

ఇన్నేళ్ళలో ఫిల్టర్ల గురించి చాలా పుస్తకాలు చదివాను. ఈ మాట వాటిలో లేదు.

మురికి చూపించే ఫిల్టరు

పలక తీసేశాను. కుళ్ళిన గవ్వలన్నీ ఎత్తి, పలచగా ఇసుక పోశాను. రాళ్ళు పెంచాను. తొట్టి పైన వెనక అంచు మీద గాజు పలకలతో పొడవాటి తట్ట ఒకటి కట్టాను. అడుగు నుంచి వెడల్పాటి గొట్టంతో నీళ్ళు పైకెక్కి తట్టలో పడతాయి. అక్కడ ముందు గాజుదూది, తర్వాత గవ్వలు. వాటిలోంచి కారి మళ్ళీ తొట్టిలోకి వస్తాయి. దీంట్లో రెండు లాభాలు. కరెంటు పోయినా తట్టలోని గవ్వలు తడిగా, గాలి తగులుతూ ఉంటాయి కాబట్టి వాటి మీది జీవం చావదు. అడుగున మిగిలిన ప్రతి మెతుకూ తెల్లటి దూది మీదికి వచ్చి కూర్చుంటుంది.

చక్రపాణి గారు చూసి నెత్తి కొట్టుకున్నారు.

"మురికి దాచిపెట్టే ఫిల్టరుకి డబ్బులిస్తారయ్యా జనం. తెచ్చి నెత్తిన పెట్టి చూపించే ఫిల్టరు ఎవడు కొంటాడు?"

"ఎవరూ కొనరండీ" అని ఒప్పుకున్నాను.

ఆ దూది రోజూ ఉతికి మళ్ళీ పెట్టాలి. ఆ పని సుభద్రమ్మ గారు చేస్తే బాగుంటుందని అడిగాను. ఆవిడ మడి మనిషి. నేను కిరస్తానీల పిల్లవాణ్ణి. ఆ ఇంట్లో నాకు కాఫీ గ్లాసు కిటికీలోనే ఉండేది. నేను పెట్టిన దూది ముట్టుకుంటారో లేదోనని సందేహించాను.

"సముద్రానికి మైలేంది నాయనా" అన్నారు.

మర్నాడు పొద్దున నేను వెళ్ళేసరికి తట్ట ముందు నిలబడి ఉన్నారు. దూది మీద నిన్నటి పప్పన్నం దాదాపు వేసింది వేసినట్టే ఉంది. దాని మీద నెయ్యి గడ్డకట్టింది.

"ఇంత వదిలేశాయా!"

ఆ ఇంట్లో విస్తరి మీద మెతుకు వదలడమంటే వడ్డించిన చేతిని అవమానించడమే. ఆవిడ దూది మీది మెతుకులు వేలితో కదిపి చూశారు.

"అంటే వీటికి ఎంత పెట్టాలో ఇన్నాళ్ళూ నాకు తెలియలేదన్నమాట."

ఆ రోజు గిన్నెలో సగమే వచ్చింది. మర్నాడు అందులో సగం. వారం తిరిగేసరికి వేళ్ళ కొసలకు అంటిన మెతుకులే మిగిలాయి. నెయ్యి మానలేదు, వాసన చూపించేవారు. దూది మీద నా రొయ్యపొడి కూడా మిగులుతోందని ఒక రోజు నాకు చూపించి, "నువ్వూ తగ్గించు" అన్నారు. తగ్గించాను.

వాసన పోయింది. చేపలు పోవడం ఆగింది. జంట పువ్వులోంచి బయటికి వచ్చి తిరగసాగింది. వీరభద్రయ్య గారు నన్ను పిలిచారు.

"ఇంతకీ రోగమేందయ్యా? ఎవరి పనది?"

"కరెంటు అండీ."

"నేను మొదట్నించీ మొత్తుకోలా!"

మా ఊళ్ళో కరెంటు మీద వేసిన నేరాన్ని ఎవరూ విచారించరు. ఆయన వన్ టౌన్ అంతా చెప్పుకున్నారు. వచ్చినవాళ్ళకు తట్ట చూపించి, దానికి లేని హార్స్ పవరు కూడా చెప్పేవారు.

ఒక మధ్యాహ్నం సుభద్రమ్మ గారు నాకు భోజనం పెట్టారు. వరండాలో, విస్తరేసి. లోపల కాదు. అన్నం మారు వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టాను. ఆవిడ నా వేళ్ళ సందుల్లోంచి వడ్డించారు.

తర్వాత

కొన్నేళ్ళకు సుభద్రమ్మ గారు పోయారు. జంట చేపలు అప్పటికీ ఉన్నాయి. దినవారాలన్నీ అయ్యాక తొట్టి చూడ్డానికి మధ్యాహ్నం వెళ్ళాను. హాల్లో పీట వేసి ఉంది. దాని మీద వీరభద్రయ్య గారు కూర్చుని ఉన్నారు. చేతిలో వెండి గిన్నె.

"అక్కయ్య వీటికి ఎంత పెట్టేదో నీకేమన్నా తెలుసంటయ్యా?"

ఆయనకు ఎప్పటినుంచి తెలుసో నేను అడగలేదు. తట్ట చూపించాను. "పెట్టి చూడండి. ఎక్కువైతే పొద్దుటికల్లా అదే చెబుతుంది."

ఆయన మెతుకులు విడదీసి వేశారు. ఎక్కువే వేశారు. మొదటిరోజు ఎవరైనా అంతే.

నా తర్వాతి ఉద్యోగమంతా ఇలాంటి తొట్టెల మధ్యే గడిచింది. చాలా ఫిల్టర్లు వచ్చాయి. నురగ తీసేవి, మురికిని కంటికి కనపడకుండా కరిగించేవి, మన బదులు తామే నీళ్ళు పరీక్షించుకునేవి. సముద్రం ఇప్పుడు పొడిగా ప్యాకెట్లలో దొరుకుతోంది; పుణ్యం విడిగా తెచ్చుకోవాలి. అవన్నీ మంచివే. కానీ కొత్తవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఫిల్టరు ఎంచే ముందు ఆ ఇంటికి భోజనాల వేళకు వెళ్ళండి. వడ్డించేది ఎవరో, వద్దంటే ఆగే చెయ్యో కాదో చూడండి. ఆగే చెయ్యి అయితే ఏ ఫిల్టరైనా ఒకటే. ఆగని చెయ్యి అయితే దాన్ని ఆపే పని పెట్టుకోకండి. మిగిలింది ఆ చేతికి కనపడేలా కట్టండి.

వీరభద్రయ్య గారి ప్రశ్నకు కూడా ఇప్పుడు జవాబు చెప్పగలను. సముద్రానికి కరెంటు అక్కర్లేదు, దానికి ఎవరూ కొసరి కొసరి పెట్టరు కనక.

సుశీల పోయి రెండేళ్ళయింది. వంట నేనే చేసుకుంటాను. కొలత బాగానే కుదిరింది, గిన్నెలో ఏమీ మిగలదు. మా ఇంట్లో ఇప్పుడు మారు వడ్డించడం లేదు.